ఊరికే పట్టుకున్న చెయ్యి

మన కథల్లో, కవితల్లో స్త్రీల చేతుల్లో కనబడే పనిముట్లను ఒకసారి వరసగా రాసుకుని చూద్దాం. చీపురు, రోకలి, అట్లకాడ, సూది, కొడవలి, తట్ట. చదువుకున్న స్త్రీ అయితే కలం, టైపు మిషను, ఈ మధ్య కంప్యూటరు. జాబితా చిన్నదేమీ కాదు. అయితే వీటిలో ఏ పనిముట్టు గురించయినా అది పట్టుకున్న స్త్రీకి ఏం తెలుసో చెప్పిన చోట్లు వెతికితే మాత్రం చాలా కొద్దిగా దొరుకుతాయి. చీపురు నడుం నొప్పి గురించి చెబుతుంది. రోకలి అరచేతి బొబ్బల గురించి చెబుతుంది. ఆ చేతికి ఉన్న నేర్పు గురించి అవి పెద్దగా మాట్లాడవు. స్త్రీల పనిని చాకిరీగా చూపించటంలో స్త్రీవాద సాహిత్యం గొప్ప విజయం సాధించింది. పనితనంగా చూడటం దగ్గర మాత్రం ఇంకా తడబడుతూనే ఉంది. ఈ వ్యాసంలో నేను మాట్లాడదలచుకున్నది ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీ గురించి.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. తిరువూరు ప్రాంతంలో ఒక పాలిటెక్నిక్‌లో కొన్నేళ్లుగా డిప్లొమా పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. విజయవాడ నుంచి భద్రాచలం వెళ్లే రోడ్డు మీద, ఖమ్మం జిల్లా సరిహద్దు పక్కనే ఉన్న ఊరు ఇది. చుట్టూ మామిడి తోటలు, వరి, పత్తి. రోడ్డు వెంట ట్రాక్టరు ట్రక్కులు, గొర్రులు, దమ్ము చక్రాలు, ఇళ్ల గేట్లు చేసే వెల్డింగు షెడ్లు. మెకానికల్ బ్రాంచిలో ఏటా ఇద్దరో ముగ్గురో అమ్మాయిలు చేరుతుంటారు. నా క్లాసు వర్క్‌షాపుకి ఆనుకుని ఉండటంతో, ఖాళీ పీరియడ్లలో అక్కడికి వెళ్లి నిలబడటం నాకు అలవాటయింది.

వర్క్‌షాపులో మొదట నేర్పేది ఆకురాయి పట్టటం. ఇనప ముక్కను వైసులో బిగించి, ఆకురాయితో గంటల తరబడి రాస్తే దాని అంచు చదునవుతుంది. మూలమట్టం ఆనించి వెలుతురుకి ఎత్తి చూస్తే, ఎక్కడ పల్లంగా ఉందో అక్కడ సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. ఆ గీత కనబడకుండా పోయేదాకా మళ్లీ రాయాలి. ఆ తర్వాత లేతు. మూడు దవడల చక్‌లో కడ్డీని బిగించి తిప్పటం, ముఖం చదును చెయ్యటం, మెట్లు చెక్కటం, వాలు తీయటం, మర కోయటం. వెర్నియర్‌తో మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాకా కొలవటం. చక్ తాళం తీయకుండా మోటారు వెయ్యకూడదు. చేతికి గ్లవ్స్ వేసుకుని లేతు దగ్గరకు రాకూడదు. చున్నీ, వదిలేసిన జడ అసలు పనికిరావు. వెల్డింగుకి వచ్చేసరికి నియమం తిరగబడుతుంది. అక్కడ గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టకూడదు. ఎలక్ట్రోడు కొస ఇనుముకి మరీ దగ్గరయితే అంటుకుపోతుంది, దూరమయితే మంట తెగిపోతుంది. ఆ రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం నిలబెట్టటమే విద్య అంతా. నల్ల అద్దం వెనక కంటికి కనబడేది కొంచెమే కాబట్టి చెవి కూడా పని చెయ్యాలి. ఒకమ్మాయి నాతో అన్నమాట మర్చిపోలేను: "బజ్జీలు సమంగా వేగుతున్న చప్పుడు రావాలి మేడమ్. చిటపటలాడితే కరెంటు ఎక్కువయినట్టు."

ఆ మాట విని నేను ఆగిపోయాను. నూనె కాగటాన్ని చప్పుడుతో గుర్తుపట్టటం ఆ అమ్మాయి వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. వంటింట్లో ఉన్నప్పుడు దానికి పేరు లేదు. వెల్డింగు బూత్‌లోకి వచ్చేసరికి అది పరీక్షలో మార్కులు వచ్చే నైపుణ్యం అయింది.

ఇక్కడ నుంచి మన సాహిత్యం వైపు తిరిగి చూద్దాం. విమల 'వంటిల్లు' కవిత, 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం చదివిన వారందరికీ తెలిసిందే. వంటిల్లు అన్నది ప్రేమ చిరునామా అనే భ్రమను ఆ కవిత బద్దలు కొట్టింది. ఆ గోడలు కూలాలని అడిగింది. అడగవలసిన మాటే. అయితే గోడలు కూలాక, ఆ గదిలో తరతరాలుగా పోగుపడిన తెలివి ఏమవుతుంది? నిప్పు, వేడి, సమయం, పాళ్లు, పదును, రంగు మారటం - ఇదంతా పదార్థాల గురించిన జ్ఞానం కాదా? వంటింటిని కీర్తించటానికి ఈ ప్రశ్న వెయ్యటం లేదు. ఆ జ్ఞానానికి కూలీ గానీ, సర్టిఫికెట్టు గానీ, పేరు గానీ ఎందుకు దక్కలేదని అడగటానికి వేస్తున్నాను.

పేరు అన్నాను కాబట్టి పి. సత్యవతి కథ 'ఇల్లలకగానే' గుర్తు చేసుకోవాలి. ఇల్లు అలికి ముగ్గులు పెట్టి మెప్పు పొందిన గృహిణి ఒకరోజు తన పేరు మరిచిపోతుంది. ఎవర్నడిగినా అమ్మ అనో, అమ్మగారు అనో తప్ప అసలు పేరు చెప్పరు. చివరికి చిన్ననాటి స్నేహితురాలి ద్వారా, శారద అనే పేరుతో పాటు తాను చదువులో, పాటలో, బొమ్మల్లో ఎంత చురుకైనదో కూడా తిరిగి తెలుసుకుంటుంది. ఈ కథను మనం ఎక్కువగా అస్తిత్వ కథగా చదివాం. పనితనం కథగా చదివితే ఇంకో సంగతి కనబడుతుంది. అలికిన ఇంటి మీద సంతకం ఉండదు. మర్నాటికి మళ్లీ అలకాలి కాబట్టి చేసిన పని చేసినట్టు నిలవదు. నిలవని పని మీద పేరు ఎక్కడ రాస్తారు?

దీనికి ఎదురుగా ఒక వెల్డింగు సంగతి చెబుతాను. బాయిలర్లు, ఒత్తిడి తట్టుకోవలసిన ట్యాంకుల వంటి వాటిలో, ఏ అతుకు ఎవరు వేశారో తెలిసేలా ఆ వెల్డరు గుర్తింపు సంఖ్యను అతుకు పక్కన ముద్ర వెయ్యటమో, రికార్డులో నమోదు చెయ్యటమో ఆనవాయితీ. రేపు ఎక్స్‌రే తీసి చూస్తే లోపం ఎవరిదో తెలియాలి గనక. అది యజమాని నిఘా కూడా, కాదనటం లేదు. అయినా "ఇది నేను చేశాను, దీనికి నేను జవాబుదారీ" అని ఇనుము మీద గుర్తు పెట్టే హక్కు అందులో ఉంది. శారద పోగొట్టుకున్నది ఈ హక్కునే. చేసిన పనికి తన పేరు అంటుకోని స్త్రీ తన పేరు మరిచిపోవటంలో వింత లేదు.

మరి యంత్రం దగ్గరకు స్త్రీలు అసలు రాలేదా? వచ్చారు. కుట్టుమిషను ప్రతి ఊళ్లోనూ ఉంది. ఏ స్త్రీ సంక్షేమ పథకం చూసినా మొదట ఇచ్చేది కుట్టుమిషనే. సూది కదలికకీ, కింద షటిల్ తిరగటానికీ మధ్య వేళ కుదిర్చే యంత్రాంగం చాలా నాజూకయినది. దారం బిగువు సరిచెయ్యటం, నూనె వెయ్యటం, సూది ఎక్కడ తగులుతోందో చప్పుడుతో కనిపెట్టటం ఆడవాళ్లకు కొట్టిన పిండి. అయినా మిషను ఆగిపోతే 'మెకానిక్' వస్తాడు. బ్రిటిష్ స్త్రీవాది సింథియా కాక్‌బర్న్ 1985లో వెలువరించిన 'మెషినరీ ఆఫ్ డామినెన్స్' పుస్తకంలో ఈ సంగతినే ఫ్యాక్టరీల్లో, గిడ్డంగుల్లో, ఆసుపత్రుల్లో పరిశీలించారు. కొత్త యంత్రాలు వచ్చిన చోటల్లా స్త్రీలు వాటిని నడిపే వాళ్లుగా ఉన్నారు. వాటిని రూపొందించటం, నిలబెట్టటం, విప్పి బాగుచెయ్యటం పురుషుల చేతిలో ఉంది. యంత్రం ముందు కూర్చోవటం వేరు, యంత్రం తెలియటం వేరు. అధికారం రెండోదాంట్లో ఉంది.

దీనికి ఇంకో పార్శ్వం ఉంది. 1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ రాసిన ప్రసిద్ధ వ్యాసం ఒకటి, ఎగుమతి ఫ్యాక్టరీలు ఆడపిల్లల 'చురుకైన వేళ్ల'ను ఎందుకు కోరుకుంటాయో వివరించింది. ఆ చురుకుదనం పుట్టుకతో వచ్చింది కాదు. ఇంట్లో కుట్టుపనులతో, తల్లి దగ్గర ఏళ్ల తరబడి శిక్షణతో వచ్చింది. ఆ శిక్షణ ఇంట్లో జరిగింది కాబట్టి కంపెనీ దాన్ని సహజ గుణంగా లెక్కవేసి, నైపుణ్యం లేని పనికిచ్చే జీతమే ఇస్తుంది. 2015 తర్వాత మన శ్రీసిటీలో సెల్‌ఫోన్ల తయారీ మొదలయినప్పుడు అసెంబ్లీ లైన్లలో ఎక్కువమంది ఆడపిల్లలే ఎందుకయ్యారో అర్థం చేసుకోవటానికి ఆ వ్యాసం ఇప్పటికీ పనికొస్తుంది. కాబట్టి "స్త్రీలకు నైపుణ్యం నేర్పితే చాలు" అనే సర్కారు నినాదంతో నేను గొంతు కలపటం లేదు. నైపుణ్యం అంటే ఏమిటో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

మన దగ్గర ఆ నిర్ణయంలో కులానికి పెద్ద పాత్ర ఉంది. కొలిమి దగ్గర కమ్మరి ఒక చేత్తో పట్టకారు పట్టుకుని చిన్న సుత్తితో చోటు చూపిస్తుంటే, ఎదురుగా నిలబడి సమ్మెట దెబ్బ వేసేది చాలాచోట్ల అతని భార్యే. తిత్తి ఊదేదీ ఆమే. ఊళ్లు తిరిగే లోహార్ కుటుంబాల్లోనూ అంతే. అయినా 'కమ్మరి' అంటే మన ఊహలోకి వచ్చేది మగవాడే. కొండపల్లి బొమ్మల్లో చెక్కడం ఎక్కువగా మగవారిది, రంగులద్దటం ఎక్కువగా ఆడవారిది. ఉలి ఒక వైపు, కుంచె ఒక వైపు. మన విప్లవ సాహిత్యం కొలిమినీ, సుత్తినీ, నిప్పునీ ప్రతీకలుగా విరివిగా వాడుకుంది. 'కొలిమంటుకున్నది' అని అల్లం రాజయ్య నవలకే పేరు. ప్రతీకలో మండిన ఆ కొలిమి దగ్గర తిత్తి ఊదిన స్త్రీ ఎవరో వెతకటం విమర్శకుల పని కదా? ఆ పని మనం సరిగ్గా చెయ్యలేదు.

దళిత స్త్రీల సాహిత్యం ఈ విషయంలో ముందుంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' పొలం పనినీ, తోలు పనినీ, పారిశుద్ధ్యపు పనినీ చేసిన స్త్రీల గొంతులను ఒక దగ్గరికి తెచ్చింది. అక్కడ పని అంటే అవమానమూ ఉంది, పని తెలిసిన గర్వమూ ఉంది. రెండూ ఒకే వాక్యంలో ఉండగలవని చూపించటం ఆ సాహిత్యం మనకు నేర్పిన పాఠం. వంటింటి నుంచి బయలుదేరిన స్త్రీవాదానికి పని మొదట బంధనంగా కనిపించింది. పొలం నుంచి, వాడ నుంచి వచ్చిన వారికి పని దోపిడీకి గురయిన ఆస్తిగా కనిపించింది. ఈ తేడాను సరిగ్గా పట్టించుకుంటే తప్ప లేతు ముందు నిలబడిన అమ్మాయిని మనం చదవలేం.

యంత్రం దగ్గర నిలబడిన స్త్రీ కథ చెప్పవలసి వచ్చినప్పుడల్లా మనకు ఒక అపురూపమైన ఉదాహరణ కావాలి. ఆ లోటు అయ్యలసోమయాజుల లలిత జీవితం తీరుస్తుంది. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, నాలుగు నెలల పాపతో మిగిలిన ఈ తెలుగు స్త్రీ గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి 1943లో పట్టా పుచ్చుకున్నారు. ఆ పట్టాలో అచ్చయి ఉన్న 'అతడు' అనే మాట కొట్టేసి 'ఆమె' అని రాయవలసి వచ్చింది. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఆమె ఏడాది శిక్షణ పొందారు. తర్వాత భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకి వెళ్లారు. ఎంత చెప్పుకున్నా తక్కువే. అయితే ఆమె తండ్రి పప్పు సుబ్బారావు ఆ కాలేజీలోనే ప్రొఫెసరు అన్న సంగతి కూడా చెప్పుకోవాలి. తలుపు తెరిచే మనిషి లోపల ఉన్నాడు. తిరువూరు వైపు పల్లెల నుంచి బస్సు పట్టుకుని వచ్చే అమ్మాయికి అలా లోపల ఎవరూ ఉండరు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో లక్షల మంది స్త్రీలు ఓడల రేవుల్లో, విమాన కర్మాగారాల్లో వెల్డింగు, రివెటింగు నేర్చుకున్నారు. కండ బిగించి చూపే 'రోజీ' బొమ్మ 1943 నాటిది. యుద్ధం అయిపోగానే వాళ్లను ఇళ్లకు పంపేశారు. కానీ కానీ కూడబెట్టి నేర్చుకున్న పని ఏమయిందని 1980లో కానీ ఫీల్డ్ తీసిన డాక్యుమెంటరీ 'ద లైఫ్ అండ్ టైమ్స్ ఆఫ్ రోజీ ద రివెటర్' ఆ స్త్రీలనే అడిగింది. 1983లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఫ్లాష్ డాన్స్'లో నాయిక పగలు వెల్డరు. అయితే ఆమె కల నాట్యం. వెల్డింగు ముసుగు తీసినప్పుడు జుట్టు విదిలించటానికే ఆ సినిమాకి పనికొచ్చింది. ఒకచోట అవసరం తీరాక వదిలించుకున్న చెయ్యి, ఇంకోచోట అలంకారం. ఆ పనినే ఇష్టపడి, అందులోనే ముసలిదయ్యే స్త్రీ ఊహకు అందటం ఎంత కష్టంగా ఉందో!

మళ్లీ మా వర్క్‌షాపు దగ్గరకు వస్తాను. ఇక్కడ నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది రాత సంగతి. జాబ్ చేసే రోజున బ్యాచిలోని అబ్బాయిలు ఆకురాయి అందుకుంటారు. "మీ దస్తూరీ బాగుంటుంది, మీరు రికార్డులు రాయండి" అని అమ్మాయిల ముందు పుస్తకాలు పెడతారు. లేతు బొమ్మ, భాగాల పేర్లు, పని చేసే క్రమం అన్నీ అందంగా రాసేది వాళ్లు. లేతు తిప్పేది వేరొకరు. రచయిత్రులమైన మనకు అక్షరం విముక్తి సాధనం. అక్కడ అక్షరమే చాకిరీ. పనిముట్టు దగ్గరకు రాకుండా ఆపే గడియ. చదువు, కలం అనగానే పొంగిపోయే మన విమర్శ ఈ దృశ్యం ముందు కాసేపు నిలబడాలి.

చివరి ఏడాది పారిశ్రామిక శిక్షణకు వెళ్లినప్పుడు ఇదే కథ పెద్దదవుతుంది. మా విద్యార్థిని ఒకామెను ఒక ఫ్యాక్టరీలో ఆరు నెలలూ స్టోర్లో పెట్టి బోల్టులు లెక్కపెట్టించారు. మిషను దగ్గర ఒక్క పూట నిలబడనియ్యలేదు. కారణం అడిగితే "చట్టం ఒప్పుకోదమ్మా" అన్నారట. నిజానికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఆరు దాకా స్త్రీలను పనిలో పెట్టుకోకూడదంది. నడుస్తున్న యంత్రాల కొన్ని భాగాలకు నూనె పొయ్యటం, శుభ్రం చెయ్యటం వంటి పనుల్లో స్త్రీలనూ, పిన్నవయస్కులనూ ఒకే గాటన కట్టి నిషేధించింది. రాత్రిపని నిషేధాన్ని 2000లో మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశాయి. 2020లో చేసి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త కార్మిక స్మృతి అన్ని రకాల పనుల్లోనూ స్త్రీలను నియమించవచ్చంటోంది. సమ్మతి, భద్రత ఉంటే రాత్రిపూట కూడా. ఆ కొత్త స్మృతుల్లో కార్మికులకు నష్టం చేసే అంశాల మీద సంఘాలు పోరాడుతున్నాయి, అది వేరే చర్చ. పగటి షిఫ్టులో లేతు ముందు నిలబడటానికి ఏ చట్టమూ ఎప్పుడూ అడ్డు రాలేదు. అడ్డొచ్చింది అలవాటు. చట్టం పేరు దానికి ముసుగు.

ఇంకో అమ్మాయి తండ్రికి రోడ్డు పక్కన సొంత వెల్డింగు షెడ్డు ఉంది. ఒకసారి అక్కడికి వెళ్లాను. తండ్రి అతుకు వేస్తుంటే తల్లి యాంగులర్ ముక్కలను సరిగ్గా మూలకి ఆనించి పట్టుకుంటోంది. మొదటి చుక్క పడగానే వేడికి ఇనుము లాగేస్తుంది. ఎటు లాగుతుందో ముందే తెలిసినట్టు ఆమె అటు వ్యతిరేకంగా ఒక వెంట్రుకవాసి వంచి పట్టుకుంటోంది. "మీకు ఈ పని ఎన్నాళ్లుగా వచ్చమ్మా?" అని అడిగాను. "నాకేం రాదండీ, ఊరికే పట్టుకుంటాను" అంది. కూతురు వెంటనే అందుకుంది: "మేడమ్, మా క్లాసులో డిస్టార్షన్ అని ఒక పాఠం ఉంది. అది మా అమ్మకి తెలుసు. దానికా పేరని తెలీదు, అంతే."

ఆ 'ఊరికే' అనే మాట మీద తెలుగులో ఒక విమర్శ గ్రంథమే రావాలి. ఇంట్లో ఊరికే ఉంటున్నానండీ, ఊరికే సాయం చేస్తానండీ, ఊరికే రాసుకుంటానండీ. ఆఖరిది మన రచయిత్రులు ఎన్నిసార్లు అనలేదు! భాషలో స్త్రీ తన నేర్పును తానే చెరిపేసుకునే చోటు ఇది. పితృస్వామ్యం ఆమె నోటితో ఆమె చేతిని కాదనిపిస్తుంది.

ఈ మాటను మార్చిన అనుభవం మన దేశంలోనే ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని బాందా ప్రాంతంలో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద దళిత, గ్రామీణ స్త్రీలు చేతిపంపులు బాగుచెయ్యటం నేర్చుకున్నారు. బరువైన రెంచీలు మోసుకుంటూ ఊరూరా తిరిగారు. మరమ్మతు లెక్కలు రాయటానికి వాళ్లకు చదువు అవసరమయింది. ఆ చదువు 'మహిళా డాకియా' అనే పత్రికగా మారింది. 2002లో మొదలయిన 'ఖబర్ లహరియా'కు అది మార్గం వేసింది. అక్కడ అక్షరం పనిముట్టుకి పోటీగా రాలేదు, దాని వెంట వచ్చింది. పంపు విప్పిన చేతులే కలం పట్టాయి. రాజస్థాన్‌లోని తిలోనియాలో పెద్దగా చదువు లేని స్త్రీలు సౌర పొయ్యిల చట్రాలు కొలిచి, కోసి, అతికి తయారుచెయ్యటం కూడా ఈ కోవలోదే.

తెలుగు స్త్రీవాద విమర్శ ఇక మీద ఒక కథ చదివేటప్పుడు కొన్ని మామూలు ప్రశ్నలు అదనంగా వేసుకోవాలని నా ప్రతిపాదన. ఈ కథలో పనిముట్టు ఎవరి చేతిలో ఉంది? అది పాడయితే బాగుచెయ్యటం ఎవరికి తెలుసు? ఈ స్త్రీకి తెలిసిన దాన్ని రచయిత్రి తెలివిగా గుర్తించిందా, ఓర్పుగా మాత్రమే చూసిందా? పని ముగిశాక పేరు ఎవరికి వచ్చింది? ఈ ప్రశ్నలతో చదివితే మనం ఎంతో ఇష్టపడిన కథలు కొన్ని కొంచెం చిన్నవి కావచ్చు. పట్టించుకోకుండా వదిలేసిన కొన్ని కథలు పెద్దవి కావచ్చు. రాసే వారికీ ఒక పని ఉంది. చిత్రిక, తరిమెన, దాగలి, సమ్మెట వంటి పాత మాటలూ, చక్, బిట్, జాబ్, టాక్ వంటి షెడ్డు మాటలూ స్త్రీ పాత్రల నోటికి రావాలి. వాటి కోసం నిఘంటువులు తిరగెయ్యనక్కరలేదు. షెడ్డు దాకా వెళ్లి నిలబడితే చాలు.

స్టోర్లో బోల్టులు లెక్కపెట్టిన అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో ఒక చిన్న కార్ఖానాలో సి.ఎన్.సి. మిషను మీద పనిచేస్తోంది. జీతం తక్కువే, పక్క మిషను అబ్బాయికన్నా కూడా తక్కువే. అది తనకు తెలుసు, అడుగుతోంది కూడా. మొన్న ఫోన్లో మాట్లాడుతూ, ప్రోగ్రాము ఆగిపోతే వేరెవర్నీ పిలవకుండా తనే సరిచేసుకుంటున్నానని చెప్పింది. ఆ వాక్యంలో 'ఊరికే' లేదు.